ముర్రుపాల గడువు

రాత్రి రెండు దాటినంక ఫోను.
"సారూ, ఈనింది. దుడ్డెను దగ్గరికి రానిస్తలేదు."
రేగొండ నుంచి నాలుగు కిలోమీటర్లు,
ఏరని పత్తి మీద మంచు,
నా బండికి వెలిగేది ఒక్క లైటే.

కొట్టంల సాంబలక్ష్మి సెల్లు పట్టుకొని నిలబడ్డది.
ఆ వెలుగుల, వరిగడ్డి మీద
తడితడి దుడ్డె
ఇంకా ఏమీ తెలువని నెత్తురుతోటి వణుకుతున్నది.

ఏమీ తెలువదని ఊరికె అంటలేను.
మనిషి తల్లి కడుపులనే కొంత చెప్పి పంపుతది.
బర్రె మాయ గట్టిది,
ఒక్క మాట దాటనియ్యదు.
చెప్పాల్సిందంతా పొదుగుల దాస్తది,
పచ్చగా, చిక్కగా,
వేళ్లకు అంటుకునేటట్టు.

పుట్టిన పూట దుడ్డె పేగులకు తలుపులుండయి.
పొద్దు తిరిగేసరికి ఒక్కొక్కటే మూసుకుంటయి.
ఆ తర్వాత తాగింది పాలే:
కడుపు నింపుతది,
కాపలా కాయదు.

నేను గడియారం చూసిన.
సాంబలక్ష్మి నా మొఖం చూసింది.

ఆ బర్రె నెల కింద హర్యానా నుంచి లారీల దిగింది.
మొదటి ఈత. పొదుగు రాయి లెక్క.
పిండితే గిలాసెడు రాలే.
ఆ గిలాసల ఉన్నదైనా
అక్కడి ఈగల యాది, అక్కడి బురద యాది.
మా చలివాగు సంగతి దానికేం ఎరుక?

గోడ అవతల ఓదెమ్మ బర్రె ఈని రెండు రోజులు.
ఏడో ఈత, ఒక కొమ్ము విరిగినది.
గొంతువాపు తట్టుకున్నది.
గాలికుంటు వచ్చిన ఏడు
ఎండాకాలమంతా కుంటుకుంటనే మేసింది.
దాని మొదటి పూట పాలు ఫ్రిజ్జుల డబ్బ నిండ ఉన్నయి.
పొద్దుగాల జున్ను వండి
చిట్యాలకు, కోడలి పుట్టింటికి పంపాలె.
బెల్లం కొట్టి, మిరియాలు నూరి పెట్టుకున్నది.

గెట్టు పంచాయితీ. మూడేండ్లాయె
ఆ గోడకు ఈ గోడకు మాటల్లేక.
తలుపు కొట్టింది నేనే.
ఓదెమ్మ నిద్రకండ్లతోటి డబ్బ తెచ్చి చేతుల పెట్టింది.
"గోరువెచ్చగ చెయ్యి. మరిగితే విరుగుతది."
నాకే చెప్పింది,
గోడ అవతలికి వినబడేటట్టు.

మూడు లీటర్లు, సీసాతోటి, కొసరి కొసరి.
గుటక గుటకకూ
ఎన్నడూ రాని జ్వరాలు
దుడ్డెకు యాదికొచ్చినయి.

అరువు యాది.
అరువంటే తీరేదే గదా.
నెల, రెండు నెలలు, మూడు...
తెచ్చుకున్నది తరుగుతుంటది,
సొంతది ఇంకా ఊరకనే ఉంటది.
ఆ నడుమ ఒక సందుంటది,
చావు ఆ సందులకెల్లే వంగి వస్తది.

తొందరపడి ముందే సూది వేస్తే
తల్లి పాల కావలోళ్లే
మందును బయటోడనుకొని మలుపుతరు.
కాపాడిన చెయ్యే
నేర్చుకోనియ్యదు.
ఆలస్యమైతే...
నా రిజిస్టర్ల ఎర్రగీతలున్నయి, చదివి చెప్పను.
నాలుగో నెల అని రాసుకొని పోయిన.

పరకాల అంగట్ల యాకూబ్ ఒకసారి చూపెట్టిండు:
మేకపిల్ల ఎద లోపల, గుండెకు పైన
తెల్లటి మెత్తటి ముద్ద.
"ముసలి వాటికి దొరకదు సార్, కరిగి కొవ్వయితది."
అది బడి అని నేను చెప్పలే.
నెత్తుట్ల తిరిగే కావలోళ్లు
మనోడెవడు, పగోడెవడు అని నేర్చుకునే బడి.
చిన్నప్పుడే నడుస్తది, తర్వాత మూతవడుతది.
అప్పటికి నేర్చినోళ్లే ఆఖరుదాక కాయాలె.

నాలుగో నెల, ఎండ ముదరకముందే పోయిన.
ముందు ఓదెమ్మ బర్రెకు.
మునుపటి లెక్క వాపు రాలే, ఒళ్లు వేడెక్కలే.
అన్నీ చూసిన నెత్తురు
కొత్త మాట వినడానికి బద్దకించింది.
తర్వాత దుడ్డె మెడకు సూది దించిన.
తన్నింది. నా మోకాలు కమిలింది.

తెల్లారి సాంబలక్ష్మి ఫోను.
"సారూ, ఒళ్లు కాలుతున్నది, మేత ముడుతలేదు. భయమైతున్నది."
"భయపడకు. చదువుకుంటున్నది."
ఆమె నవ్వలే. ఫోను పెట్టెయ్యలే.
ఆ వెనకకెల్లి, గోడ మీదికెల్లి కావచ్చు, ఇంకో గొంతు:
"ఇంత గంజి తాపు పిల్లా, అదే లేస్తది."